నౌకాదళంలో ముప్ఫై రెండేళ్ళు: నావికుడి కొలువు ఎలా నడుస్తుంది?

శంషాబాద్ పిల్లలకు విమానం వింత కాదు. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలన్నీ ఇక్కడికి మారినప్పటి నుంచి మన హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తూ తల ఎత్తకుండానే, చప్పుడును బట్టి ఇది దిగుతోందా ఎగురుతోందా అని చెప్పగలం. ఓడ సంగతి వేరు. సముద్రం మనకు మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంది. మనలో చాలామంది దాన్ని సినిమాల్లోనే చూశారు. అందుకే ఈ సంవత్సరం మన హాస్టల్ నుంచి నలుగురు ఇంటర్ తమ్ముళ్ళు నౌకాదళంలో అగ్నివీర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, "అన్నా, నేవీలో చేరితే ఎక్కడిదాకా పోవచ్చు?" అని అడిగినప్పుడు మా దగ్గర జవాబు లేకపోయింది.

మేము ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతిలోకి వచ్చిన మొదటి మనిషిమి మేమే. ఏ ఉద్యోగానికి ఎలా పోవాలో చెప్పే మేనమామలు, బాబాయిలు ఉన్న ఇళ్ళు వేరు, మన ఇళ్ళు వేరు. మనకు తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగి తెలుసుకోవడమే దారి. అలా మేము అడిగి తెలుసుకున్నదీ, చదివి సరిచూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాము.

మేము అడిగిన పెద్దాయన మన ప్రాంతంలోనే ఉంటారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి నేవీ సార్ అనే రాస్తాము. ఆయన కూడా సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో ఉండి పదో తరగతి పాసైనవారే. 1987లో నావికుడిగా చేరి, 2019లో మాస్టర్ చీఫ్ పెటీ ఆఫీసర్ ఫస్ట్ క్లాస్‌గా రిటైరయ్యారు. ఆఫీసర్ కాకుండా మామూలు నావికుడిగా చేరినవాడు ఎక్కే మెట్లలో అది చివరిది.

ముందు ఆ మెట్లేమిటో చూద్దాము. చేరినవాడు సీమన్ సెకండ్ క్లాస్, తరువాత సీమన్ ఫస్ట్ క్లాస్. ఆపైన లీడింగ్ సీమన్, అంటే ఆర్మీలో నాయక్‌తో సమానం. తరువాత పెటీ ఆఫీసర్, అది హవల్దార్‌తో సమానం. ఆ తరువాత చీఫ్ పెటీ ఆఫీసర్, మాస్టర్ చీఫ్ సెకండ్ క్లాస్, మాస్టర్ చీఫ్ ఫస్ట్ క్లాస్. ఈ మూడూ వరుసగా నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్‌లకు సమానం. పెటీ అనగానే మనకు పెటీ కేసు గుర్తుకొస్తుంది గానీ అదేమీ తక్కువ మాట కాదు. చిన్న అని అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. చీఫ్ స్థాయికి వచ్చాక గుండ్రటి నావికుడి టోపీ పోయి, ముందు అంచు ఉన్న టోపీ వస్తుంది. ఆ టోపీ పెట్టుకుని ఇంటికి వచ్చిన రోజున వాళ్ళ అమ్మ గుర్తుపట్టక, పోలీసులు వచ్చారేమోనని లోపలికి వెళ్ళిపోయిందట.

ఏ మెట్టూ ఊరికే రాదు. లీడింగ్ కావాలంటే పరీక్షలు రాయాలి. ఇన్నేళ్ళు పనిచేసి ఉండాలి. ఏటా పై ఆఫీసర్లు రాసే రిపోర్టు బాగుండాలి. చీఫ్ నుంచి పైకి పోవాలంటే వీటన్నిటితోపాటు ఖాళీ కూడా ఉండాలి. నేవీ సార్‌కు లీడింగ్ కావడానికి అయిదేళ్ళు, చీఫ్ కావడానికి పద్దెనిమిదేళ్ళు, చివరి మెట్టుకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. ఆయనతోపాటు చేరిన వాళ్ళలో ఎక్కువమంది పదిహేనేళ్ళు కాగానే పింఛను తీసుకుని, ముప్ఫై మూడు ముప్ఫై నాలుగేళ్ళ వయసులో బయటికి వచ్చేశారు. నావికుడికి పింఛను రావాలంటే పదిహేనేళ్ళ సర్వీసు కావాలి. ఎస్.ఎస్.ఆర్. అనే పద్ధతిలో చేరినవారికి మొదటి ఒప్పందమే పదిహేనేళ్ళు ఉండేది. అది పూర్తయ్యేనాటికి చాలామందికి పిల్లలు బడిలో ఉంటారు. అక్కడ ఆగి ఇంటికి పోవాలా, పొడిగించుకుని సముద్రం మీదే ఉండాలా అనేది ప్రతి నావికుడూ ఇంట్లో కూర్చుని తేల్చుకునే లెక్క. ఆయన ఉండిపోయారు. "ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళ బాకీ ఇంకా ఉండె, అంతే," అన్నారు.

నావికుడంటే ఓడలో చిన్న పనులు చేసేవాడని ఒక అభిప్రాయం ఉంది. రెండు లెక్కలు చెబుతాము. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామిలో ఉండేది ఎనిమిది మంది ఆఫీసర్లు, అరవై ఏడు మంది నావికులు. 1971 డిసెంబరు 9న పాకిస్తాన్ జలాంతర్గామి దాడిలో అరేబియా సముద్రంలో మునిగిపోయిన ఐ.ఎన్.ఎస్. ఖుక్రీతో పాటు చనిపోయింది 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు. ఓడను వదలకుండా దానితో మునిగిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు మనం జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో చదువుతాము, చదవాలి కూడా. ఆ 176 మందిలో ఒక్కరి పేరైనా మేము ఏ పోటీ పరీక్ష పుస్తకంలోనూ చూడలేదు.

నావికుల్లో మహావీర చక్ర అందుకున్న ఒకరి పేరు మాత్రం తప్పక గుర్తుపెట్టుకోండి: లీడింగ్ సీమన్ చిమన్ సింగ్ యాదవ్, హర్యానా వాసి. 1971లో బంగ్లాదేశ్ ముక్తివాహినితో కలిసి ఖుల్నా వైపు వెళ్ళిన పడవలు దెబ్బతిని మునిగినప్పుడు, తాను గాయపడి ఉండీ, ఒడ్డు నుంచి కాల్పులు జరుగుతుండగా తోటివారిని నీళ్ళలోంచి ఒడ్డుకు చేర్చాడు. తరువాత శత్రువుకు పట్టుబడి, బంగ్లాదేశ్ విముక్తి అయ్యాక బయటపడ్డాడు. అప్పటికి ఆయన ఎక్కినవి పైన చెప్పిన మెట్లలో మూడే.

ఇక నేవీ సార్ పని. శిక్షణ ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డున ఐ.ఎన్.ఎస్. చిల్కాలో మొదలైంది. 1980 నుంచి కొత్త నావికులకు అదే బడి. అక్కడి నుంచి ఎవరి పనిని బట్టి వారు వేరే బళ్ళకు పోతారు. ఇంజన్ల వాళ్ళు లోనావాలాలోని ఐ.ఎన్.ఎస్. శివాజీకి, కరెంటు పని వాళ్ళు జామ్‌నగర్‌లోని ఐ.ఎన్.ఎస్. వల్సూరాకు. (ఐ.ఎన్.ఎస్. అనగానే ఓడ అనుకోకండి. నౌకాదళం వారు ఒడ్డు మీది బళ్ళకూ, స్థావరాలకూ కూడా ఓడ పేరే పెట్టుకుంటారు.) నేవీ సార్ వల్సూరాలో కరెంటు పని నేర్చుకున్నారు. తరువాత జలాంతర్గామికి తానే పేరు ఇచ్చి విశాఖలోని ఐ.ఎన్.ఎస్. శాతవాహనలో శిక్షణ పొందారు. దేశంలో జలాంతర్గామి శిక్షణ జరిగే ఆ బడికి మన శాతవాహనుల పేరు ఉండడం మాకు ఈ వ్యాసం పుణ్యమా అనే తెలిసింది.

ఆయన పనిచేసిన సింధు తరగతి జలాంతర్గాములు డీజిల్‌తోనూ, బ్యాటరీతోనూ నడిచేవి. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి కదా. నీటి అడుగున గాలి ఎక్కడిది? అందుకని పైకి వచ్చి, లేదా ఒక గొట్టం మాత్రం నీటిపైకి పెట్టి, ఇంజను నడిపి బ్యాటరీ నింపుకుంటారు. అడుగుకు పోయాక అంతా బ్యాటరీ మీదే: మోటారు, దీపాలు, వంట, శత్రువు చప్పుడు వినే యంత్రాలు, అన్నీ. మన ఇన్వర్టర్ బ్యాటరీ లాంటివే, కాకపోతే ఒక్కొక్కటి మనిషి ఎత్తు సెల్లులు వందల్లో ఉంటాయి. ఆ సెల్లులకు నీళ్ళు చూడడం, ద్రవం సాంద్రత కొలవడం, రాసిపెట్టడం ఆయన మొదటి పదేళ్ళ పని. బ్యాటరీ నింపేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది గదిలో కాస్త ఎక్కువ పేరుకుంటే చిన్న నిప్పురవ్వ చాలు. ఫిజిక్స్ చదివిన మాకు ఇది పుస్తకంలో రెండు వాక్యాలు. ఆయనకు అది ప్రతి గంటా చూడవలసిన మీటరు.

ప్రమాదం లేని కొలువని మేము రాస్తే అబద్ధమవుతుంది. 2013 ఆగస్టు 14న ముంబై డాక్‌యార్డులో సింధురక్షక్ జలాంతర్గామి పేలి 18 మంది చనిపోయారు. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. 2014 ఫిబ్రవరి 26న సింధురత్నలో పొగ కమ్ముకుని ఇద్దరు ఆఫీసర్లు చనిపోగా, బాధ్యత వహిస్తూ నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి ఆ రోజే రాజీనామా చేశారు. ఈ సంగతులు అడిగినప్పుడు నేవీ సార్ చాలాసేపు ఏమీ చెప్పలేదు. తరువాత, సింధురక్షక్ వార్త వచ్చిన రోజున తన దగ్గర శిక్షణ పొందిన కుర్రాళ్ళ ఇళ్ళకు ఫోన్లు చేస్తూ కూర్చున్నానని మాత్రం చెప్పారు.

మధ్యలో రెండేళ్ళు రష్యాలో ఉన్నారు. మన జలాంతర్గాములను పెద్ద మరమ్మతుకు ఉత్తరాన తెల్ల సముద్రం ఒడ్డున ఉన్న సెవెరోద్విన్స్క్‌కు పంపేవారు, వెంట సిబ్బంది కూడా పోయేవారు. అక్కడ ముక్కులో ఊపిరి గడ్డకట్టే చలి. యంత్రాల మీద రాతలన్నీ రష్యన్‌లో. తెలుగు మీడియంలో పదో తరగతి పాసైన మనిషి ఇంగ్లీషు నేర్చుకున్నదే చిల్కాలో, ఆపైన రష్యన్ అక్షరాలు. ఇప్పటికీ ఆయనకు మీటరు పేర్లు రష్యన్‌లోనే ముందు వస్తాయట. ఇంగ్లీషంటే భయపడి ఫారాలు పక్కన పెట్టే తమ్ముళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి.

చీఫ్ అయ్యాక పని మారిపోయింది. మీటర్లు చూసేవాళ్ళను చూడడం మొదలైంది. ఎవడు నిద్ర చాలక తూలుతున్నాడు, ఎవడి ఇంటి నుంచి ఉత్తరం వచ్చాక అన్నం ముట్టడం లేదు, ఎవడికి సెలవు ఇవ్వకపోతే చెడుపని చేసుకుంటాడు, ఇవన్నీ ఆఫీసరుకంటే ముందు సీనియర్ నావికుడికి తెలియాలి. ఓడకు కొత్తగా వచ్చే ఆఫీసరుకు ఇరవై మూడేళ్ళు ఉంటాయి, అంటే మా వయసు. నలభై ఎనిమిదేళ్ళ మాస్టర్ చీఫ్ లేచి నిలబడి ఆ కుర్రవాడికి సెల్యూట్ చేయాలి. మాకు ఇది మింగుడుపడక, బాధగా ఉండేది కాదా అని అడిగాము. "సెల్యూట్ అంగీకి చేస్తం, మనిషికి కాదు. ఆ పిలగానికి పని నేర్పేది నేనే కదా, నాకేం బాధ?" అన్నారు. కొత్త ఆఫీసరు తప్పు ఆజ్ఞ ఇవ్వబోతుంటే అందరి ముందూ కాదనకుండా, "సార్, ఒక్క నిమిషం ఈ రిజిస్టర్ చూడండి" అని పక్కకు పిలిచి చెప్పేవారట. ఆఫీసరు పరువూ, బ్యాటరీ రెండూ దక్కేవి. మాకు ఆయన చెప్పినవాటిలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

బాగా చేసిన మాస్టర్ చీఫ్‌లకు జనవరి 26, ఆగస్టు 15 సందర్భాల్లో గౌరవ సబ్ లెఫ్టినెంట్, గౌరవ లెఫ్టినెంట్ హోదా ఇస్తారు. పరీక్షలు రాసి మధ్యలోనే నిజమైన ఆఫీసరు అయ్యే దారి కూడా ఉంది. నేవీ సార్ ఒకసారి ప్రయత్నించారు, రాలేదు. జీతం మాటకొస్తే, ఏడవ వేతన సంఘం లెక్కలో నావికుడి మూల వేతనం 21,700 రూపాయలతో మొదలైతే, మాస్టర్ చీఫ్ ఫస్ట్ క్లాస్‌ది 47,600తో మొదలవుతుంది. దానిమీద 5,200 మిలిటరీ సర్వీస్ పే, కరువుభత్యం, ఇతర భత్యాలు వేరే.

నావికులు ఎప్పుడూ చెప్పినట్టు విన్నవాళ్ళేనా అంటే కాదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే శిక్షణ కేంద్రంలోని నావికులు, తిండి బాగాలేదని, తెల్ల అధికారులు బూతులు తిడుతున్నారని పని మానేశారు. (అన్నం దగ్గర మొదలైన సమ్మె అనగానే మన హాస్టల్ మిత్రులు కొందరు నవ్వుతారని తెలుసు.) నాయకులు ఎం.ఎస్. ఖాన్, మదన్ సింగ్, ఇద్దరూ సందేశాలు పంపే విభాగపు మామూలు నావికులే. రెండు మూడు రోజుల్లో డెబ్బైకి పైగా ఓడలకు పాకింది. కరాచీ, మద్రాసు, మన విశాఖపట్నం దాకా వచ్చింది. బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోవడానికి ఇదీ ఒక కారణమని చరిత్రకారులు అంటారు. అప్పుడు తీసేసిన నావికులను స్వాతంత్ర్యం వచ్చాక కూడా నౌకాదళంలోకి తిరిగి తీసుకోలేదు.

ఇప్పుడు తమ్ముళ్ళ ప్రశ్నకు వద్దాము. నేవీ సార్ ఎక్కిన నిచ్చెన ఇవాళ మన ముందు అలాగే లేదు. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. అప్పటి నుంచి ఎస్.ఎస్.ఆర్., ఎం.ఆర్. కొలువుల్లోకి వెళ్ళేవారు నాలుగేళ్ళకే అగ్నివీరులుగా చేరుతున్నారు. మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం ప్రతి నెలా నిధికి పోతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. కాబట్టి మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000. నాలుగేళ్ళ చివర 10.04 లక్షలు, దానిమీద వడ్డీ. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. 25 శాతం వరకు మాత్రమే ఉంచుకుంటారు, పైమెట్లన్నీ వాళ్ళకే. మిగిలిన ముగ్గురు ఇరవై రెండేళ్ళకో ఇరవై మూడేళ్ళకో ఇంటికి వస్తారు. నౌకాదళం మొదటి బ్యాచ్ 2022 చివర చిల్కాలో చేరింది కాబట్టి వాళ్ళ నాలుగేళ్ళు 2026 చివరికి నిండుతాయి. 2023 మార్చి 28న పరేడ్ చేసి బయటికి వచ్చిన ఆ బ్యాచ్‌లో దాదాపు 2,600 మంది ఉంటే, 270 మందికి పైగా అమ్మాయిలు. నావికులుగా అమ్మాయిలు చేరడం అదే మొదటిసారి. చెల్లెళ్ళ హాస్టల్‌కు కూడా ఈ సంచిక పంపుతున్నాము.

ఇంకో తేడా ఉంది, ఇది మనకు ముఖ్యం. పాత పద్ధతిలో పదో తరగతి మాత్రమే చదివి పదిహేనేళ్ళు పనిచేసినవారిని, డిగ్రీ అడిగే గ్రూప్ సి కేంద్ర ఉద్యోగాలకు డిగ్రీ ఉన్నట్టే పరిగణిస్తారు. ఆ కాగితం చూపించుకునే ఎంతోమంది మాజీ నావికులు బ్యాంకుల్లో, రైల్వేల్లో రెండో ఉద్యోగం పొందారు. నాలుగేళ్ళతో వచ్చేవారికి ఆ పదిహేనేళ్ళ లెక్క వర్తించదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు 10 శాతం ఉంచుతామని 2022లోనే ప్రకటించారు. మన విమానాశ్రయం గేటు దగ్గర టికెట్ చూసే సి.ఐ.ఎస్.ఎఫ్. కూడా ఆ బలగాల్లోదే. మరో సంగతి, సైన్యంలో చేరేటప్పుడు కులం రిజర్వేషన్ ఉండదు. ఎస్.సి. సర్టిఫికెట్ పట్టుకుని పోయినా మార్కు కలవదు. డాక్‌యార్డులోని సివిల్ ఉద్యోగాలకైతే ఉంటుంది, ఐ.టి.ఐ. చేసినవారు అటు కూడా చూడాలి.

మా అభిప్రాయం అడిగితే, చేరండి, కానీ డిగ్రీకి దూరవిద్యలో పేరు కట్టి చేరండి. నలుగురిలో ఒకడివి నువ్వు కావచ్చు, కాకపోనూ వచ్చు. నేవీ సార్ దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. మొదటి రెండేళ్ళు పుస్తకం తెరిచే తీరిక ఉండదని, ముందు పని నేర్చుకుంటే ఉంచుకునేవారిలో పేరు వస్తుందని ఆయన మాట. ఇంట్లో నెలకు ఇరవై వేలు ఈ రోజే కావాలి అనేవాళ్ళకు మా సలహా కంటే ఆయన సలహానే దగ్గరగా ఉండవచ్చు. రెండూ రాశాము.

సముద్రం లేని చోట నేవీతో మనకేం పని అనుకునేవారికి: 2024 జనవరి 10న అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ ఆర్. హరికుమార్ హైదరాబాద్ వచ్చి, ఇక్కడ తయారైన దృష్టి-10 అనే పైలట్ లేని విమానాన్ని నౌకాదళానికి అందుకున్నారు. అది ఏకధాటిగా 36 గంటలు ఎగరగలదు. అదే సంవత్సరం అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో, 2,900 ఎకరాల్లో రాడార్ కేంద్రం అని మనం పిలుచుకునే దానికి రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. అది నిజానికి రాడార్ కాదు. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగవు. చాలా తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతుకు దిగుతాయి, వాటితో నీళ్ళలో ఉన్న జలాంతర్గామికి కబురు పంపుతారు. అలాంటి మొదటి కేంద్రం తమిళనాడులో ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్. దామగుండంలో చెట్లు పోతాయని, మూసీ పుట్టే చోటికి ముప్పని జరిగిన ఆందోళన కూడా మనం మరువకూడదు. నేవీ సార్ మాత్రం నీళ్ళ కింద ఉండగా తనకు అందిన కబుర్లు గుర్తుచేసుకుని, "ఇక అవి మన పరిగి రోడ్డు మీదినుంచి పోతయన్నమాట" అని నవ్వారు.

ఆయన ఇప్పుడు విమానాశ్రయం దగ్గరి ఒక గోదాములో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నారు. ఆదివారం ఉదయం మన హాస్టల్‌కు వచ్చి, ఫారం పెట్టిన నలుగురినీ 1.6 కిలోమీటర్లు పరుగెత్తిస్తున్నారు. అబ్బాయిలు దాన్ని ఆరున్నర నిమిషాల్లో ముగించాలి. నలుగురిలో ఇద్దరికి ఈత రాదు. ఫరవాలేదట, చిల్కాలో నేర్పి పరీక్ష పెట్టి మరీ వదులుతారట. కాబట్టి నేవీ పేరు చెప్పి ఎవరూ మన ఊరి చెరువులో దిగవద్దని, దిగితే వార్డెన్ సార్‌కు తానే చెబుతానని ఆయన మరీమరీ రాయమన్నారు.